మా షూటింగ్ టీమ్‌కి ఏ ఇంటర్‌కామ్ కొనాలి?

ప్రశ్న: సార్, మాది లైవ్ ప్రోగ్రామ్‌లు షూట్ చేసే చిన్న టీమ్. నాలుగు కెమెరాలు, ఏ కెమెరా దృశ్యం వెళ్లాలో మార్చే స్విచర్ దగ్గర నేను, లైట్లకు ఒకరు, సౌండ్‌కు ఒకరు, స్టేజీ పక్కన ఒకరు. వాకీటాకీలతో నెట్టుకొస్తున్నాం. ఒకరు బటన్ నొక్కితే ఇంకొకరి మాట రాదు, షో మధ్యలో ఒకటే టెన్షన్. వైర్‌లెస్ ఇంటర్‌కామ్ కొందామంటే ప్రతి కంపెనీ మీటర్లలో రేంజ్ చెబుతోంది. ఎక్కువ రేంజ్ ఉన్నది తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. ఆ మీటర్ల లెక్క అడ్డేమీ లేని ఆరుబయట కొలిచింది. హాల్లో గోడలు, ఇనుప ట్రస్‌లు, ఎల్‌ఈడీ తెర, జనం ఉంటారు. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి జనం నిండేకొద్దీ సిగ్నల్ బలహీనపడుతుంది. బెల్ట్‌ప్యాక్ (నడుముకు తగిలించుకునే చిన్న రేడియో పెట్టె) పెట్టుకున్నవాళ్లు అటు తిరిగితే వాళ్ల ఒళ్లే అడ్డం.

ముందు ఒక కాగితం మీద మీ ఎనిమిది మందినీ రాసి, షో నడుస్తున్నప్పుడు ఎవరు ఎవరితో మాట్లాడాలో గీతలు గీయండి. కెమెరామన్‌కి రెండు చేతులూ కెమెరా మీదే ఉంటాయి, బటన్ నొక్కి మాట్లాడమనడం న్యాయం కాదు. అందుకే ఫోన్‌లోలా ఇద్దరూ ఒకేసారి మాట్లాడగలిగే ఫుల్ డూప్లెక్స్ సెట్ మీకు తప్పనిసరి. ఒక్క సంగతి అడిగి తెలుసుకోండి: కొన్ని సెట్లలో అందరూ వినగలరు గానీ, ఒకేసారి మాట్లాడగలిగేది కొందరే. లైట్ల మాటలు కెమెరామన్ చెవిలో పడకుండా కనీసం రెండు ఛానళ్లు ఉండాలి.

అసలు తేడా బ్యాండ్‌లో, అంటే సెట్ వాడే రేడియో తరంగాల శ్రేణిలో ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వైఫై, బ్లూటూత్ కూడా వాడే బ్యాండ్‌లోనే పనిచేస్తాయి. ఖాళీ హాల్లో రిహార్సల్ చక్కగా జరుగుతుంది. ప్రేక్షకులు ఫోన్లతో వచ్చి కూర్చున్నాక మాటలు తెగడం మొదలవుతుంది. ఇలా నమ్మి ఇబ్బంది పడ్డ టీమ్‌లను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మీ పనికి 1.9 గిగాహెర్ట్జ్ డెక్ట్ (కార్డ్‌లెస్ ఫోన్లలో వాడే పద్ధతి) సెట్లే నయం. అయితే యూరప్‌లో డెక్ట్‌కి 1880 నుంచి 1900 మెగాహెర్ట్జ్, అమెరికాలో 1920 నుంచి 1930. ఒక దేశం సెట్ మరో దేశంలో వాడితే చట్టవిరుద్ధం కావచ్చు, కాబట్టి మీరు పనిచేసే చోటి మోడలే అడగండి. టీవీ ప్రసారాలకు వాడే యూహెచ్ఎఫ్ బ్యాండ్ సెట్లు గోడలు దాటడంలో మెరుగే గానీ, అక్కడ వైర్‌లెస్ మైకులతో గొడవ. పైగా చాలా దేశాల్లో ఆ బ్యాండ్‌లో కొంత భాగాన్ని మొబైల్ నెట్‌వర్క్‌లకు ఇచ్చేశారు.

ఇంకో మాట, ఇది చాలామంది ఆలోచించరు. మీరూ, సౌండ్ మనిషీ కుర్చీ వదలరు కదా, మీ ఇద్దరికీ వైరుదే పెట్టుకోండి. షోని నడిపించే మీ గొంతు తెగితే షో ఆగినట్టే. వైరు లైన్‌ని కలుపుకునే టూ-వైర్ లేదా ఫోర్-వైర్ పోర్టు (వైరు ఇంటర్‌కామ్‌ల కనెక్షన్ రకాలు) బేస్ స్టేషన్‌కి, అంటే వైర్‌లెస్ సెట్లన్నిటినీ కలిపే ప్రధాన పెట్టెకి, ఉందో లేదో చూడండి.

హెడ్‌సెట్ దగ్గర పొదుపు చేయకండి. స్పీకర్ల పక్కన ఉండేవాళ్లకు రెండు చెవులూ మూసేది, స్టేజీ పక్కన ఉండేవాళ్లకు చుట్టుపక్కల మాటలు వినపడాలి కాబట్టి ఒక చెవిది. రేడియో లోపలే ఉన్న హెడ్‌సెట్లు తేలికగానే ఉంటాయి, కానీ అందులో ఏ భాగం పాడైనా ఆ హెడ్‌సెట్ మొత్తాన్నీ పక్కన పెట్టాలి. బ్యాటరీ మార్చుకునే వీలు ఉండాలి.

కొనేముందు ఒక షోకి అద్దెకు తీసుకోండి. బేస్‌ని జనం తలల కంటే ఎత్తులో పెట్టి, హాలు నిండాక అన్నిటికంటే దూరపు కెమెరా దగ్గర మాట్లాడి చూడండి. అక్కడ మాట తెగుతుంటే, రెండో యాంటెన్నా తగిలించే వీలున్న మోడలే తీసుకోండి.