క్వెర్సెటిన్ క్యాప్సూల్స్ వేసుకోవాలా, ఉల్లిపాయలు తింటే చాలదా?

బీపీ బోర్డర్‌లో ఉంది, తుమ్ములు ఎక్కువ, క్వెర్సెటిన్ క్యాప్సూల్స్ మొదలుపెట్టాలా లేక ఉల్లిపాయలు తింటే సరిపోతుందా అని అడిగారు. క్వెర్సెటిన్ అంటే ఉల్లిపాయ, ఆపిల్, టీ లాంటివాటిలో సహజంగానే ఉండే ఒక పదార్థం. నేను డాక్టర్ని కానండీ. ఆ క్యాప్సూల్స్ కొన్ని నెలలు వాడాను కాబట్టి రాస్తున్నాను.

ముందు లెక్క చూడండి. 100 గ్రాముల పచ్చి ఉల్లిపాయలో క్వెర్సెటిన్ సుమారు 20 మిల్లీగ్రాములు ఉంటుంది, ఎర్రవాటిలో ఇంకాస్త ఎక్కువ. బీపీ తగ్గినట్టు కనిపించిన పరిశోధనల్లో వాడిన డోసేమో రోజుకు 500 మిల్లీగ్రాములు, ఆపైన. అంటే రెండు కిలోలకు పైగా ఉల్లిపాయలు! ఎవరివల్ల అవుతుంది? పోనీ అంత డోసుకి ఏం ఒరిగిందంటే, ఆ ట్రయల్స్‌ను కలిపి చూసిన 2016 నాటి విశ్లేషణలో బీపీ పై అంకె సగటున నాలుగున్నర పాయింట్లు తగ్గింది. ఇంట్లో మిషన్ ఉన్నవాళ్లకి తెలుసు, మెట్లెక్కి వచ్చి వెంటనే చూసుకుంటేనే అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. నా రీడింగులు కొంచెం తగ్గాయి కానీ, అప్పుడే ఉప్పు కూడా తగ్గించాను. నన్నడిగితే ఆ ఘనత ఉప్పుదే.

ఇక తుమ్ములు. ఎలర్జీలో తుమ్ములు తెప్పించే హిస్టమిన్ అనే రసాయనాన్ని వదిలే కణాలను క్వెర్సెటిన్ ల్యాబ్‌లో అడ్డుకుంటుంది. డబ్బా మీద రాసేది ఆ సంగతే. అయితే కడుపులోకి వెళ్లాక కథ వేరు. ఓసారి క్యాప్సూల్ విప్పి ఆ పసుపుపచ్చ పొడిని గ్లాసు నీళ్లలో వేశాను. స్పూనుతో ఎంత తిప్పినా కరగలేదు, పైన తెట్టులా తేలి గ్లాసు అంచుకి అంటుకుపోయింది. అలాంటిది ఒంటికి పట్టడం కష్టమే. ఉల్లిపాయలో మాత్రం ఇది గ్లూకోజ్‌తో జతకట్టి ఉంటుంది, ఆ రూపంలో చిన్న పేగు దాన్ని బాగా పీల్చుకుంటుంది. ఆపిల్‌లో, టీలో ఉన్నదానికన్నా ఉల్లిపాయలోదే బాగా ఒంటబడుతుంది. నా విషయానికొస్తే, దుమ్ము లేచిన రోజు క్యాప్సూల్ వేసుకున్నా తుమ్ములు తప్పలేదు.

తినేవాళ్లకి ఒక్క మాట: ఉల్లిపాయలో పై పొరల్లోనే ఇది ఎక్కువ. ఎండిన పొట్టుతో పాటు మంచి పొర కూడా ఒలిచి పారేయకండి. వేయిస్తే పెద్దగా పోదు, ఉడికిస్తే కొంత నీళ్లలోకి దిగుతుంది. కాబట్టి ఆ నీళ్లు పారబోయకండి.

క్వెర్సెటిన్ కణాలను ఆక్సీకరణ (ఆక్సిజన్ చర్యల వల్ల జరిగే నష్టం) నుంచి కాపాడుతుందన్న ప్రచారానికి ఆధారాలు చాలవని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2011లోనే తేల్చింది. అయినా అమ్మకాలు ఆగలేదనుకోండి, అది వేరే సంగతి.

అసలు చూసుకోవాల్సింది మీరు వాడే మందులు. మా నాన్నగారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడతారు. నా డబ్బా చూసి "నాకూ రెండు ఇవ్వరా" అన్నారు. డాక్టర్‌గారిని అడిగితే, క్యాప్సూల్స్ ముట్టుకోవద్దు, ఉల్లిపాయలు మాత్రం ఎప్పటిలాగే తినండి అన్నారు. అవయవ మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్‌తో కూడా ఇబ్బందే. గర్భిణులు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు దూరంగా ఉండటం మేలు.

మీరు బీపీకి గానీ వేరే దేనికైనా గానీ మాత్రలు వాడుతున్నారో లేదో రాయలేదు. వాడుతుంటే ఆ చీటీ, క్యాప్సూల్ డబ్బా రెండూ మీ డాక్టర్‌కి చూపించాకే మూత తీయండి.