మీ ప్రశ్న – మా జవాబు: పళ్ళు వచ్చే పాపాయికి ఏమివ్వాలి?

ప్రశ్న: మా పాపకు ఏడు నెలలు నిండాయి. కింది చిగురులో పన్ను మొన తెల్లగా కనిపిస్తోంది. చొంగ కారుస్తూ, తాళాల గుత్తి, టీవీ రిమోటు ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటోంది. మా అత్తగారు ఏటికొప్పాక గిలక్కాయ ఇవ్వమని, చిగుళ్ళకు తేనె రాయమని అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, చిగురు దురద పెట్టినప్పుడు గట్టి వస్తువును కొరికితే పాపకు హాయిగా ఉంటుంది కనుక కొరకడాన్ని మాన్పించకండి, కొరికే వస్తువును మార్చండి. ఇత్తడి తాళంచెవుల్లో సీసం కలిసి ఉండవచ్చు. రిమోటును మాత్రం ఈ రోజే అందకుండా పెట్టండి. చిన్న రిమోట్లలో ఉండే బొత్తాం బ్యాటరీ గొంతులోకి జారి అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అక్కడ తీవ్రంగా కాలిన గాయం చేయగలదు. మింగిందన్న అనుమానం వచ్చినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మీ అత్తగారి గిలక్కాయ మాట నాకు నచ్చింది. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో మెత్తని అంకుడు కర్రను తరిణె (కర్రను గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టి, తిరిగే కర్రకు లక్కను అదిమితే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి నున్నగా అంటుకుంటుంది. అయితే ఆ పేరుతో అమ్మేవన్నీ చెట్ల రంగులతో చేసినవి కావు కాబట్టి, రంగు దేనితో వేశారో అడిగి, నమ్మకమైన చోటనే కొనండి. పాప కొరికిన చోట లక్క పెచ్చు లేచిందేమో రోజూ వేలితో తడిమి చూడండి. లేచినా, కర్ర చీలినా, లోపలి గింజలు బయటపడేలా ఉన్నా వెంటనే తీసేయండి. లక్కపిడతల్లోని బుల్లి చెంబులు, మూతలు ఈ వయసుకు అసలు వద్దు.

తేనె మాత్రం ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. అందులో ఉండగల సూక్ష్మక్రిముల బీజాలు పసిపిల్లల పేగుల్లో పెరిగి బాట్యులిజం అనే ప్రాణాంతక వ్యాధిని కలిగిస్తాయి. పెద్దావిడ ప్రేమతోనే చెప్పారు, ఈ కారణం వివరిస్తే తప్పక అర్థం చేసుకుంటారు. చిగుళ్ళను మొద్దుబార్చే జెల్‌లు, మెడలో వేసే పూసల దండలు కూడా వద్దు.

అన్నిటికన్నా తేలిక మార్గం మీ ఇంట్లోనే ఉంది. ఉతికిన నూలు గుడ్డను తడిపి, పిండి, మడతపెట్టి కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, మీరు పక్కనే కూర్చుని ఇవ్వండి, గడ్డకట్టించవద్దు.

చొంగ, చిరాకు పళ్ళ వల్లనే కావచ్చు కానీ, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, విరేచనాలు అయినా పళ్ళ మీదకు నెట్టేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.