లిమొన్‌చెల్లో ఎలా తాగాలి? ఇటలీ నుంచి తెచ్చుకోవచ్చా?

లిమొన్‌చెల్లో అంటే ఇటలీ వాళ్ల తియ్యని నిమ్మ మద్యం. తాగేది భోజనం ముందు కాదు, తర్వాత. దక్షిణ ఇటలీలోని సొరెంటో, అమాల్ఫీ తీరంలో తిన్నాక చిన్న గ్లాసులో బాగా చల్లగా ఇస్తారు. మెల్లగా చప్పరించాలి, ఒక్క గుక్కలో మింగేస్తే నిమ్మ పరిమళం దక్కదు. చిత్రమేమిటంటే, ఇందులో నిమ్మరసం ఉండదు. పసుపు తొక్కను మాత్రమే ఘాటైన స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, పంచదార పాకం కలుపుతారు. తొక్క కింది తెల్లపొర పడిందా, చేదే. ఆల్కహాల్ సాధారణంగా 25-32 శాతం కాబట్టి ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టినా గడ్డకట్టదు. తీపి ఎక్కువనిపిస్తే (నాకైతే ఎక్కువే) సోడా, ఐసు కలుపుకోండి.

కొనేముందు లేబుల్ చదవండి. కృత్రిమ రంగు, సువాసన కలిపినది వదిలేయండి. సీసాను చెక్-ఇన్ సామానులో బట్టల మధ్య చుట్టి పెట్టండి. ఇండియాకి సుంకం లేకుండా మనిషికి మొత్తం 2 లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు.