కెంటకీ డెర్బీకి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

మే మొదటి శనివారం అమెరికాలోని లూయీవిల్‌లో డెర్బీ గుర్రప్పందెం చూడబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఏ గుర్రం మీద కాయాలని అడిగావు. గుర్రం పేరు నేను చెప్పను. ఎవరైనా చెవిలో చెప్తే నమ్మకు కూడా. పందెం డబ్బు ఎటు పోయి ఎటు వస్తుందో మాత్రం చెప్తాను.

మన హైదరాబాద్ మలక్‌పేట రేసుల్లో పందెం కట్టించుకునే బుకీ ఐదుకి ఒకటి (ఒకటి కాస్తే లాభం ఐదు) అన్నాడంటే నీ టికెట్‌కి ఆ ధర ఖాయం. డెర్బీ జరిగే చర్చిల్ డౌన్స్ ట్రాక్‌లో బుకీలు లేరు. 1875లో ఈ రేసు పెట్టిన మెరివెదర్ లూయిస్ క్లార్క్ అంతకుముందే యూరప్ వెళ్లి ఇంగ్లండులో ఎప్సమ్ డెర్బీనీ, ఫ్రాన్సులో నడిచే పారి-మ్యూచువల్ పద్ధతినీ చూసొచ్చాడు. అయినా ఇక్కడ చాలాకాలం బుకీలదే రాజ్యం. 1908లో లూయీవిల్ నగరం బుకీలను నిషేధించేసరికి, ట్రాక్ నడిపే మాట్ విన్ అనే ఆయన మూలపడ్డ పారి-మ్యూచువల్ యంత్రాలను బయటికి తీయించాడు. ఇప్పటికీ అదే పద్ధతి.

అంటే అందరి డబ్బూ ఒక కుండలో పడుతుంది. అందులో క్లబ్బు తన వాటా ముందే తీసుకుంటుంది: విన్ (మొదటిదే రావాలి), ప్లేస్ (మొదటి రెండిట్లో ఉండాలి), షో (మొదటి మూడిట్లో ఉండాలి) పందేలకి నూటికి 17.5, ఎగ్జాక్టా (మొదటి రెండూ వరస తప్పకుండా), ట్రైఫెక్టా (మొదటి మూడూ వరస తప్పకుండా) లాంటివాటికి 22. మిగిలింది గెలిచినవాళ్లు పంచుకుంటారు. విన్ కుండలో వంద డాలర్లుంటే పంచేది 82.50. గెలిచిన గుర్రం మీద ఇరవై పడి ఉంటే డాలరుకి సుమారు 4.12, రెండు డాలర్ల టికెట్‌కి 8.25 వస్తుంది. అదే గుర్రం మీద నలభై పడితే ఆ రెండు డాలర్ల టికెట్‌కి 4.12తో సరి. పరిగెత్తింది అదే గుర్రం, మారింది జనం డబ్బు. బోర్డు మీద ధర గేట్లు తెరిచేదాకా కదులుతూనే ఉంటుంది. నువ్వు టికెట్ కొన్నప్పుడు 8-1 ఉన్నది 6-1 అయితే నీకు దక్కేది 6-1. పొద్దున్నే ప్రోగ్రాంలో అచ్చయ్యే మార్నింగ్ లైన్ ఒక అంచనా మాత్రమే, దానితో ఎవరికీ చెల్లించరు.

మనవాళ్లు బోల్తాపడే ఇంకో చోటు ప్లేస్. మలక్‌పేటలో తగినన్ని గుర్రాలుంటే మూడోదానికీ ప్లేస్ డబ్బులొస్తాయి. అమెరికాలో ప్లేస్ అంటే మొదటి రెండే. మూడోది కూడా కావాలంటే 'షో' అనాలి. మన ఫోర్‌కాస్ట్ అక్కడ ఎగ్జాక్టా, మన టానలా ట్రైఫెక్టా.

కౌంటర్ దగ్గర ఈ వరసలో చెప్పు: ట్రాక్ పేరు, రేసు నంబరు, ఎంత, ఏ పందెం, గుర్రం నంబరు. "చర్చిల్, రేస్ ట్వెల్వ్, ఫైవ్ డాలర్స్ టు విన్, నంబర్ ఎయిట్." డెర్బీ మామూలుగా పన్నెండో రేసు, కానీ ప్రోగ్రాం చూసుకో. గుర్రం పేరు చెప్పకు, నంబరే చెప్పు. టికెట్ చేతికొచ్చాక అక్కడే నిలబడి చదువు. పక్కకు వెళ్లాక తప్పు కనబడితే, వెనక అంత క్యూ ఉండగా సరిచేయించుకోవడం కష్టం.

ఆ నంబరు ప్రోగ్రాం నంబరు, గేటు నంబరు కాదు. 2022లో రిచ్ స్ట్రైక్ అనే గుర్రం కథ తెలుసుగా? ముందురోజు ఇంకో గుర్రం తప్పుకుంటే దీనికి చివరి క్షణంలో చోటు దొరికింది. వీపు మీద 21, నిలబడింది ఇరవయ్యో గేటులో. 80-1 ధరలో గెలిచి రెండు డాలర్లకి 163.60 ఇచ్చింది. అంతకన్నా పెద్ద ధర 1913లో డోనరెయిల్‌ది, 184.90.

ఇలాంటివి విని అన్నీ పొడుగు ధరల గుర్రాలే కాయకు. 2013 నుంచి 2018 దాకా వరసగా ఆరేళ్లు ఫేవరెట్లే (జనం డబ్బు ఎక్కువ పడ్డవే) గెలిచాయి. ఆ తర్వాత 2025 దాకా ఒక్క ఫేవరెట్టూ గెలవలేదు. కారణం వెతికితే, ఇరవై గుర్రాల గుంపులో మొదటి మలుపు దగ్గరే చాలా వాటికి దారి మూసుకుపోతుంది. పైగా అన్నీ మూడేళ్ల పిల్లలే. 10 ఫర్లాంగులు వాటిలో దాదాపు ఏదీ ముందు పరిగెత్తి ఉండదు. అందుకే ఫ్లోరిడా డెర్బీ, బ్లూగ్రాస్, శాంటా అనీటా డెర్బీ లాంటి 9 ఫర్లాంగుల రేసుల్లో ఆఖరి ఫర్లాంగు ఎలా ముగించిందో చూడు. ఎంత దూరంతో గెలిచిందన్నది తర్వాత. మొదటి గేటు అయితే రైలింగు వైపు నొక్కేస్తారు, 1986లో ఫెర్డినాండ్ తర్వాత 2025 దాకా అక్కణ్ణుంచి ఎవరూ గెలవలేదు. పదిహేడో గేటుకి ఆ 2025 దాకా ఒక్క గెలుపూ లేదు. దీనికి మాత్రం నాకు కారణం కనబడదు, దాన్ని చూసి గుర్రాన్ని వదిలెయ్యకు.

డబ్బు ఎక్కువ కారేది 'బాక్స్' దగ్గర, అంటే ఎంచుకున్న గుర్రాలు ఏ వరసలో వచ్చినా చెల్లేలా అన్ని కలయికలూ కొనడం. నాలుగు గుర్రాల ట్రైఫెక్టా బాక్స్ అంటే 24 కలయికలు, 50 సెంట్ల చొప్పున 12 డాలర్లు. ఐదైతే 60 కలయికలు, 30 డాలర్లు. ఒక గుర్రం గెలుస్తుందని నీకు నమ్మకముంటే దాన్ని మొదటి స్థానంలో 'కీ'గా పెట్టి, కింద నాలుగిటిని వెయ్యి. 12 కలయికలు, ఆరు డాలర్లు. నాకైతే ఇరవై గుర్రాల రేసులో సూపర్‌ఫెక్టా (మొదటి నాలుగూ వరస తప్పకుండా) జోలికి పోవడం దండగ: వరసలే 1,16,280.

వంద డాలర్లు తీసుకెళ్తే, డెర్బీకి నలభై విడిగా జేబులో పెట్టు. పొద్దుటి రేసుల్లోనే మొత్తం పోగొట్టుకునేవాళ్లు ఎందరో. ఆ నలభైలో ముప్పై విన్ మీద, పది ఎగ్జాక్టా మీద. నువ్వు కాసిన గుర్రం తప్పుకుంటే విన్ డబ్బు వాపసిస్తారు. వరస రేసుల్లో గెలిచేవాటిని ముందే చెప్పే పిక్ పందెంలో అయితే నీ గుర్రం బదులు ఫేవరెట్‌ని అంటగడతారు.

ఇంకొకటి. గీత దాటగానే టికెట్ చింపెయ్యకు, బోర్డు మీద 'అఫీషియల్' వెలిగేదాకా ఆగు. 2019లో మాక్సిమమ్ సెక్యూరిటీ ముందు వచ్చింది. 22 నిమిషాల తర్వాత దాన్ని పదిహేడో స్థానానికి దించి కంట్రీ హౌస్‌కి గెలుపిచ్చారు, రెండు డాలర్లకి 132.40. అఫీషియల్ అయ్యాక మాత్రం చెల్లింపు మారదు: 2021లో గెలిచిన మెడీనా స్పిరిట్‌ని మందుల పరీక్షలో పట్టుకుని తర్వాత దాని గెలుపు రద్దు చేసినా, రెండో గుర్రం మాండలూన్ మీద విన్ కాసినవాళ్లకి పైసా రాలేదు.

ఇట్లు,
మీ మామయ్య