గుట్ట కింద జేసీబీ దింపకు

బిడ్డా,

హైదరాబాద్ ఉద్యోగం మానేసి నలభై గొర్రెలతో ఊరికొస్తున్నావని మీ బాపు నిన్న ఫోన్‌లో చెప్పాడు. మీ తాత పోయాక మన ఇంట్లో మళ్లీ మంద మాటెత్తింది నువ్వే. సంతోషపడ్డా. కానీ గుట్ట కింద బంచరాయిలో, అదే మన ఊరి మేత జాగలో, తుప్పలన్నీ జేసీబీతో తీయించి సూపర్ నేపియర్ గడ్డి వేస్తావట. అది విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు.

చిన్న సంగతులు ముందు చెప్తా. గొర్రె నోట్లో పళ్లు చూసి, వయసు తెలుసుకుని కొను. దక్కనీ నల్ల గొర్రెలైతే మన ఎండకు, నడకకు ఆగుతాయి. ఇరవైకి ఒక పొట్టేలు చాలు, 2017లో సర్కారు సబ్సిడీ ఇచ్చింది కూడా ఆ లెక్కనే. వానలకు ముందే కడుపులో పురుగులకు నట్టల మందు, చిటుక రోగం టీకా. కోసిన జొన్న దుబ్బులకు మళ్లీ వచ్చే లేత పిలకలు మేపకు, విషం. ఉరిమితే ఒంటి చెట్టు కిందికి పోకు. ఇదొక్కటి రెండుసార్లు చదువు.

ఇక గుట్ట సంగతి. ఆ పని ముందు చేసినవాణ్ని నేనే. పత్తి మీద అందరికీ మోజున్న రోజులవి. "ఖాళీగా పడున్న జాగ, దున్నుకుంటే రేపు పట్టా అవుతుంది" అని ఎవరో అన్నారు. తాతతో కొట్లాడి మంద అమ్మించా, మూడెకరాల బంచరాయి మీద ట్రాక్టర్ ఎక్కించా. మొదటి ఏడు పత్తి బాగానే వచ్చింది. 1997-98లో పురుగు తినేసింది. ఆ ఏడు మన వరంగల్ జిల్లాలో ఎన్ని ఇళ్లు ఆగమయ్యాయో నీకు తెలియదు, నువ్వింకా పుట్టలేదు.

అప్పు ఎట్లాగో తీరింది. మట్టి మాత్రం తిరిగి రాలేదు. వేళ్లు పోయిన వాలు మీద రెండు వానలు గట్టిగా పడేసరికి పైమట్టంతా కొట్టుకుపోయి కుంటలో చేరింది, పైన మొరం తేలింది. కుంట పూడాక కింది బావిలో నీళ్లు తగ్గాయి. మంద ఉన్నప్పుడు ఊళ్లో రైతులు ఎరువు కోసం రాత్రిపూట పొలాల్లో మంద పెట్టించుకుని తాతకు గింజలు కొలిచేవాళ్లు. నేను డీఏపీ బస్తాలకు అప్పు పెట్టా.

మీ బాపమ్మ ఒక్క మాట అనలేదు. ఆ ఏడు బతుకమ్మకు తంగేడు కోసం పొద్దున పోయి మధ్యాహ్నం దాటాక వచ్చింది. గంపలో గునుగు తప్ప ఏమీ లేదు. తంగేడును పశువు ముట్టదు, అందుకే మేత జాగలో అంత విరగబూస్తుంది. దాన్ని వేళ్లతో సహా పెకిలించింది నేను. పక్కూరి నుంచి చెల్లెలు నాలుగు కొమ్మలు పంపితే వాటితోనే పేర్చింది.

దున్నడం ఆపేశాక ముందు మొలిచింది గడ్డి కాదు, వయ్యారిభామ. మేతగడ్డి నిలదొక్కుకోవడానికి పదేళ్లు పట్టింది. నువ్వు తుప్పలంటున్నవి అట్లా తిరిగొచ్చినవే. రేగు, సీతాఫలం, మోదుగ, తునికి. ఎండాకాలంలో గడ్డి లేనప్పుడు తుమ్మకాయే నీ మందకు దాణా.

నేపియర్ కావాలంటే బావి దగ్గర అర ఎకరం వేసుకో, కాదనను. గుట్టను మాత్రం రెండు పాళ్లు చేసి మేపు. ఒక పక్క గడ్డి గింజ రాలేదాకా గొర్రెను తోలకు. అయినా 2026 మేతభూముల సంవత్సరం, ఐక్యరాజ్యసమితి ప్రకటించింది అని వాట్సాప్‌లో పంపింది నువ్వే కదా? అందరికీ పంపి నువ్వే జేసీబీ పిలుస్తావా?

కోపంగా రాశానని మీ అమ్మకు చూపించకు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న దగ్గరికి పోదాం, మంద దిగేది ఆ తర్వాతే. రెయిన్ కోటు కొన్నావట, దండగ. తాత గొంగడి వేపాకు వేసి పెట్టెలో దాచా. నీకు పొడుగవుతుంది. కత్తిరించకు, మడిచి కప్పుకో.

మీ పెద్దబాపు