తేనెపిట్ట గూడు, చారల పాము, ట్యాంకు కింద తేనెపట్టు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేం రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. వరండాలో బట్టలారేసుకునే తీగకి తేనెపిట్ట గూడు కట్టింది, లోపల గుడ్లున్నట్టున్నాయి. మా అత్తగారు ముట్టుకోవద్దంటున్నారు, ఇంటి ఓనరు తీసెయ్యమంటున్నారు. తీగతో సహా అవతలి వైపుకి మార్చొచ్చా?
– ఒక గృహిణి, బరంపురం

జవాబు: మార్చొద్దండీ. మీ అత్తగారి మాటే సరైనది. నాలుగడుగులు పక్కకి జరిపినా తల్లి పాత చోటికే వచ్చి వెతుక్కుంటుంది. గూడు ఎదురుగా కనిపిస్తున్నా అది తనదని పోల్చుకోలేకపోవచ్చు.

ఓనరుగారికి ఈ లెక్క చెప్పండి. గుడ్లు పొదగడానికి సుమారు రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాల పైచిలుకు పడుతుంది. ఈరోజే గుడ్డు పెట్టిందనుకున్నా నెలా నాలుగైదు రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది. మీరు చూసేసరికే కొన్ని రోజులు గడిచి ఉంటాయి కాబట్టి అంత కూడా పట్టకపోవచ్చు. ఎంతవరకు వచ్చిందో తెలియాలంటే గూటిలో వేలు పెట్టనక్కర్లేదు, దూరం నుంచి ఓ అరగంట చూడండి. పక్కనున్న కన్నంలోంచి సన్నటి వంకర ముక్కు ఒక్కటే బయటికి కనిపిస్తూ, పిట్ట కదలకుండా కూర్చుంటే ఇంకా పొదుగుతోందన్నమాట. పొదిగేది ఆడదొక్కటే. ఆడామగా రెండూ సాలీళ్లు, పురుగులు నోట కరుచుకుని మాటిమాటికీ వస్తుంటే పిల్లలు బయటికొచ్చేశాయి, ఇక ఆగాల్సింది రెండు వారాలే.

ఆ గూడు చెత్త వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. సాలెగూటి దారంతో బెరడు ముక్కలు, ఎండుటాకులు, గొంగళిపురుగుల రెట్టలు అతికించి చిన్న సొరకాయ ఆకారంలో కడుతుంది. కన్నం మీద చూరులాంటిది కూడా ఉంటుంది. చెత్త అనుకుని కాకి వదిలేస్తుందనే ఆ ఏర్పాటు. కాబట్టి శుభ్రం చేద్దామని పైన అంటుకున్న ముక్కలు పీకకండి.

బట్టలకి మూరెడు ఎడంగా ఇంకో తాడు కట్టుకోండి. తడి దుప్పట్లు గూటికి తగలకూడదు, గాలికి కొట్టుకోకూడదు. గూటి కింద కుర్చీ, స్టూలు ఉంచకండి, పిల్లి ఎక్కుతుంది. రాత్రి వరండా లైటు ఆర్పేయండి. అసలు శత్రువు చీమ. తీగ మీదుగా వరస కట్టిందంటే ఒక్క రాత్రిలో పిల్లల్ని తినేస్తుంది. తీగ రెండు కొసల్లో, గోడ మేకుల దగ్గర, బెత్తెడు మేర పల్చగా గ్రీజు రాయండి. గూటి దగ్గర మాత్రం వద్దు, రెక్కలకి అంటుకుంటే పిట్ట ఎగరలేదు. చీమల మందు, చీమల సుద్ద అసలు వాడకండి.

గాలివానకి గూడు తెగి పడిందా? కొబ్బరిచిప్పలో కుదురుగా పెట్టి, కన్నం ఇంతకుముందు ఉన్న వైపుకే ఉండేలా అదే చోట దారంతో కట్టేయండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి రాదన్నది వట్టి మాట. పిల్లలు అరుస్తుంటే వస్తుంది.

ప్రశ్న: ఒక పిగిలిపిట్ట రోజూ పొద్దున్నే నా బైకు అద్దాన్ని ముక్కుతో పొడుస్తోంది. దానికి పిచ్చెక్కిందా?
– రాయగడ

జవాబు: పిచ్చి కాదు. గూడు కట్టే కాలంలో అద్దంలో తన బొమ్మని చూసి, తన చోటుకి వేరే పిట్ట వచ్చిందనుకుంటుంది. తరిమినకొద్దీ ఆ పిట్ట పోదు, ఇది అలసిపోతుంది. బైకు ఆపగానే రెండు అద్దాలకీ పాత మేజోళ్లు తొడిగేయండి. కొన్ని వారాల్లో మానేస్తుంది.

ప్రశ్న: వానలు పడ్డాక మా బాత్‌రూములో రెండుసార్లు పాము కనిపించింది. నల్లగా ఉంది, ఒంటి మీద తెల్ల చారలు. మా తమ్ముడు ఫోన్లో ఫొటోలు చూసి విషం లేనిదంటున్నాడు. పక్కింటి ఒడియావాళ్లు చిత్తి అంటున్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, అందరం కిందే పడుకుంటాం. ఎలా పోల్చుకోవాలి?
– పర్లాకిమిడి

జవాబు: పోల్చుకోవడం తర్వాత. ముందు ఈ రాత్రి నుంచి కింద పడుకోవడం మానండి. మంచం మీద దోమతెర కట్టి, అంచుల్ని పరుపు కిందికి చుట్టూ దోపండి. తెర నేలమీద జీరాడితే పాము దాన్ని ఎత్తుకుని లోపలికి దూరగలదు. మంచం చాలకపోతే పిల్లల్ని మంచం మీద పడుకోబెట్టి, పెద్దవాళ్లు చాప కింద దోపిన దోమతెరలో పడుకోండి. కట్లపాము (చిత్తి అన్నది దాన్నే) రాత్రిపూట తిరుగుతుంది, నిద్రలో ఉన్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి ఇది కట్లపాము కాదని ధైర్యం చెప్పలేం.

ఇక పోలికలు. కట్లపాము నీలిమెరుపుతో నిగనిగలాడే నలుపు. సన్నటి తెల్ల చారలు చాలావరకు జంటలుగా ఉంటాయి. తల వెనక కొంతమేర చారలు ఉండవు, ఉన్నా చుక్కల్లా ఉంటాయి. తోక వైపు పోయేకొద్దీ స్పష్టమవుతాయి. వుల్ఫ్ స్నేక్ అనే విషం లేని పాము దీనికి తిరగేసినట్టుంటుంది: మెడ దగ్గరే చారలు కొట్టొచ్చినట్టుండి, తోక దగ్గర కలిసిపోతాయి. ఎక్కువగా గోధుమరంగులో ఉంటుంది, సాధారణంగా రెండడుగులు దాటదు, గరుకు గోడలెక్కి బల్లుల్ని వేటాడుతుంది. కట్లపాము వెన్ను మీద నడిమధ్యన ఒక వరస పొలుసులు పెద్దవిగా, ఆరు మూలలతో ఉంటాయి.

ఇన్ని తేడాలు చెప్పి, వాటి మీద ఆధారపడొద్దని కూడా చెప్పాల్సి వస్తోంది. కట్లపాము పిల్లలు చిన్నవే, వాటికి తల దగ్గర నుంచే చారలు కనిపించొచ్చు. వుల్ఫ్ స్నేక్‌లలో నల్లటి రకమూ ఉంది. బాత్‌రూము బల్బు వెలుతురులో, తడి నేల మీద కదులుతున్న పాము పొలుసులు లెక్కపెట్టగలిగేంత దగ్గరికి మీరు వెళ్లకూడదు. చారలున్న ప్రతి పామునీ కట్లపామనే అనుకుని నడుచుకోండి. కనిపిస్తే ఒకరు దూరం నుంచి చూస్తూ ఉండండి, ఇంకొకరు అటవీశాఖకో, పాములు పట్టే శిక్షణ ఉన్నవారికో ఫోన్ చెయ్యండి. కర్ర పట్టుకుని వెంటపడేటప్పుడే చాలామందికి కాట్లు పడతాయి.

అది లోపలికి ఎందుకొస్తోంది? వానకి బొరియల్లో నీళ్లు నిండుతాయి. లైటు కింద పురుగులు, పురుగుల కోసం బల్లులు, వంటింటి వెనక ఎలుకలు, కప్పలు. ఇవన్నీ దానికి తిండి. నీళ్లు పోయే కన్నానికి స్క్రూలతో బిగించే సన్నకన్నాల స్టీలు జాలీ పెట్టించండి. ఊరికే పైన పెట్టిన జాలీని పాము తలతో లేపగలదు. తలుపు కింద చిటికెన వేలు దూరే సందున్నా చాలు, రబ్బరు పట్టీ కొట్టించండి. పైపు గోడలోకి వెళ్లేచోట సిమెంటు పూయించండి. గోడవారగా పేర్చిన ఇటుకలు, కొబ్బరిమట్టలు, కట్టెలు తీయించండి. రాత్రి బాత్‌రూముకి చెప్పులు, టార్చి లేకుండా వెళ్లొద్దు. ఫినాయిలు, గంధకం, వెల్లుల్లి, కార్బాలిక్ యాసిడ్ చల్లితే పాము రాదని నమ్మకండి. సందులు మూయడానికి పెట్టాల్సిన డబ్బు అక్కడ పోసేస్తారు. పైగా యాసిడ్ పిల్లల ఒళ్లు కాలుస్తుంది.

ఈ చివరి మాట ఇంట్లో అందరూ చదవాలి. కట్లపాము కాటు నొప్పి పుట్టదు, వాపు రాదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. రాత్రి నేలమీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులతో లేచి, కనురెప్పలు వాలిపోతూ, మాట ముద్దగా వస్తూ, మింగలేకపోతుంటే అజీర్తి అనుకుని సోడా తాగించకండి. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాటు తెలిస్తే ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేసి, ఆ చెయ్యో కాలో కదలకుండా బద్ద కట్టండి, మనిషిని నడిపించొద్దు. తాడు బిగించడం, కోయడం, పీల్చడం, పసరు పోయడం వద్దు. పాముని చంపి తీసుకెళ్లనక్కర్లేదు. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకటే. పెద్ద ఆసుపత్రి అని నేరుగా బరంపురానికో శ్రీకాకుళానికో బయల్దేరకండి. ముందు మీ ఊళ్లోని జిల్లా ఆసుపత్రిలో మందు మొదలుపెట్టించండి. ఊపిరి యంత్రం అవసరమైతే అక్కణ్ణుంచి వాళ్లే అంబులెన్సులో పంపుతారు.

ప్రశ్న: ఎండాకాలం డాబా మీద పిట్టలకి స్టీలు గిన్నెలో నీళ్లు పెడితే ఒక్కటీ రాలేదు. తప్పు ఎక్కడుంది?
– చంద్రపూర్

జవాబు: గిన్నెలోనే ఉంది. చంద్రపూర్‌లో 45 డిగ్రీలు దాటే ఎండకి స్టీలు గిన్నెలో నీళ్లు సలసలమంటాయి, అంచు మీద కాలు పెట్టలేవు. వెడల్పాటి మట్టి మూకుడు తీసుకోండి. నీళ్లు రెండంగుళాల లోతు మించొద్దు. మధ్యలో పైకి తేలేలా రెండు గులకరాళ్లు వేయండి, తేనెటీగలు వాటి మీద వాలి తాగుతాయి, మునిగిపోవు. నీడలో, పిల్లి పొంచి కూర్చునే కుండీలకి దూరంగా పెట్టండి. మొదటి వారం ఒక్క పిట్టా రాకపోయినా చోటు మార్చకండి. రోజూ నీళ్లు పారబోసి కొబ్బరిపీచుతో అంచులు రుద్దండి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకి అంటుకుని, మూకుడు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. పారబోస్తే సరిపోదు, రుద్దాలి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకు కింద పెద్ద తేనెపట్టు పట్టింది. పోయినేడు ఒకతన్ని పిలిచి రాత్రి కాగడాతో కాల్పించాం. ఇద్దరికి కుట్టాయి, ఈసారి మళ్లీ అదేచోట పెట్టాయి. పురుగులమందు కొట్టిద్దామని సొసైటీలో అంటున్నారు.
– సొసైటీ కార్యదర్శి, బల్లార్ష

జవాబు: మందు కొట్టించకండి, కాల్పించకండి. దానికి కారణం జాలి ఒక్కటే కాదు. మందు కొడితే చచ్చినవి రాలతాయి, మిగిలినవి మీదపడతాయి. విషం కలిసిన తేనె గోడల వెంట కారి చీమలు చేరతాయి. ఆ తేనె ఎవరైనా పిల్లాడు నాకితే ఇంకా ప్రమాదం. కాల్చినచోట మైనం గోడకి అంటుకునే ఉంటుంది. ఆ వాసనకే మళ్లీ అక్కడికి వచ్చాయి.

మొదట అది ఏ రకమో చూడండి. పట్టు లేకుండా ఈగలు మాత్రమే ముద్దగా వేలాడుతుంటే అది దారిలో ఆగిన గుంపు, సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో వెళ్లిపోతుంది. పొదల్లో అరచేయంత పట్టయితే జుంటీగలది, దానితో భయం లేదు. గోడ కన్నంలోనో చెట్టు తొర్రలోనో ఉంటే పుట్టతేనె. మీరు చెప్పినట్టు ఎత్తున, ఒకే పలకగా, మూరెడో అంతకన్నా పెద్దదో బయటికే వేలాడేది కొండ తేనెటీగలది. ఇది వలస ఈగ. పూత ఉన్నన్నాళ్లు ఉండి, తిండి తగ్గగానే, ఎక్కువగా వానలు పడేసరికి, పట్టు వదిలేసి పోతుంది. మనుషులు తిరగని ఎత్తులో ఉంటే అప్పటిదాకా ఓపిక పట్టడమే అన్నిటికన్నా చవక, క్షేమం.

అంతవరకు పైకెళ్లే మెట్ల తలుపుకి తాళం వేయండి. ట్యాంకు కడగడం, డ్రిల్లింగు, కింద చెత్త తగలబెట్టడం, టపాకాయలు, ఘాటైన సెంటు, రాయి విసరడం: ఈగలు లేచేది వీటికే. రాత్రి తెల్లటి లైటుకి ఈగలు వరండాల్లోకి వస్తాయి. కిటికీలకి దోమజాలీ వేయించి, డాబా మీద పసుపు బల్బు పెట్టండి.

బడి పిల్లల దారిలోనో, ఎలర్జీ ఉన్నవాళ్ల కిటికీ పక్కనో ఉంటే తీయించక తప్పదు. ముందు అటవీశాఖకి చెప్పండి (మహారాష్ట్రలో 1926). ముసుగు, చేతితొడుగులు, పొగడబ్బా ఉన్నవారితోనే చేయించండి. పుణెలోని కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ ఈ పని నేర్పుతుంది. అక్కడ నేర్చుకున్నవారు మీ వైపున ఉన్నారేమో ఆరా తీయండి. మంటకి బదులు పచ్చి ఆకుల పొగతో ఈగల్ని పక్కకి జరుపుతారు.

ఈగలు వెళ్లిపోయాక అసలు పని మొదలవుతుంది. మైనం మొత్తం గీకించి, వేడినీళ్లు, సబ్బుతో కడిగించి, పెయింటు వేయించండి. ట్యాంకు అడుగుభాగానికి సన్నటి వల బిగించండి. ఈ పని పూత మొదలుకాకముందే పూర్తవాలి.

ఈగలు లేస్తే చేతులు ఊపకుండా, ముఖం కప్పుకుని, తిన్నగా గదిలోకి పరిగెత్తి తలుపేసుకోండి. మీద వాలినదాన్ని చిదిమితే మగ్గిన అరటిపండు వాసనలాంటిది వస్తుంది, మిగతావాటికి అదే పిలుపు. ముల్లు చర్మంలో ఉన్నంతసేపు విషం ఎక్కిస్తూనే ఉంటుంది. గోరుతో గీకుతారో లాగుతారో గానీ వెంటనే తీయండి. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, చాలా ఈగలు కుట్టినా 108.

ప్రశ్న: గోరింక పిల్ల గూట్లోంచి కింద పడింది. పాలు పట్టాలా?
– ఒక విద్యార్థి, బరంపురం

జవాబు: పాలు వద్దు, రొట్టె వద్దు, నోట్లో నీళ్లూ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒంటినిండా ఈకలుండి, తోక పొట్టిగా ఉండి, గెంతుతుంటే అది పడిపోయింది కాదు, ఎగరడం నేర్చుకుంటోంది. పక్కనున్న పొద మీదో గోడ మీదో కూర్చోబెట్టి, కుక్కని, పిల్లిని కట్టేసి, మీరు కిటికీ వెనక్కి తప్పుకోండి. మీరు దగ్గరున్నంతసేపు తల్లి దిగదు. ఈకలు రాని పిల్లయితే అదే గూట్లో పెట్టేయండి. గూడు అందకపోతే కన్నాలున్న చిన్న బుట్టలో ఎండుగడ్డి వేసి, గూటికి వీలైనంత దగ్గరగా, నీడపట్టున కట్టండి. రెండు గంటలు చూసినా తల్లి రాకపోతే అప్పుడు అట్టపెట్టెలో పెట్టి అటవీశాఖ ఆఫీసుకి తీసుకెళ్లండి.