పాటల ఊరిని కెమెరాకెక్కించాలంటే

ఈసారి ప్రశ్నలన్నీ ఒకే దారిలో వచ్చాయి: ఊరి సంగీత చరిత్ర మీద డాక్యుమెంటరీ ఎలా తీయాలి అని. ఎక్కువమంది విజయనగరం గురించే అడిగారు కాబట్టి జవాబులకూ ఆ ఊరే ఆధారం.

ప్రశ్న: మేం నలుగురం కలిసి విజయనగరం సంగీతం మీద అరగంట సినిమా తీయాలనుకుంటున్నాం. ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామి నాయుడు, ఘంటసాల, సుశీల, బొబ్బిలి వీణ... రాసుకున్న జాబితాయే రెండు పేజీలైంది. దేన్ని ఉంచాలి, దేన్ని వదలాలి?

జాబితాను పక్కన పెట్టండి. అరగంటలో పదిమంది గొప్పవాళ్ల పేర్లు చెబితే చూసేవాళ్లకు ఒక్కటీ గుర్తుండదు, ఒక్క పాటా చెవిన పడదు. ముందు పాటలకు ఎంతసేపు ఇవ్వాలో తేల్చుకోండి. ఒక్కొక్కటీ రెండున్నర నుంచి మూడు నిమిషాలు, మాట అడ్డురాకుండా సాగే కచేరీ ముక్కలు నాలుగు పెట్టుకుంటే పది పన్నెండు నిమిషాలు వాటికే పోతాయి. మిగిలిన పద్దెనిమిదిలోనే కథంతా ఇమడాలి. లెక్క ఇలా వేసుకుంటే కోత దానంతటదే మొదలవుతుంది.

వెన్నెముకగా సంగీత కళాశాలను తీసుకోమంటాం. 1919లో విజయనగరం రాజు విజయరామ గజపతి పెట్టించారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథకుడు నారాయణదాసు. వయొలిన్ చెప్పడానికి అదే ఏడాది చేరిన ద్వారం 1936లో ఆ కుర్చీలోకి వచ్చారు. ఘంటసాల అక్కడ చదువుకుంటూ మధూకరంతో, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, కడుపు నింపుకున్నారు. సుశీల కూడా అక్కడి విద్యార్థినే. ఒకే గుమ్మం గుండా హరికథ, వయొలిన్, సినిమా పాట మూడూ నడిచాయన్నమాట. మీ కథ అదే.

బొబ్బిలి వేరే ఊరు. వీణలు చేసేది దాని పక్కనున్న గొల్లపల్లిలో. దాన్ని ఇందులో కుక్కితే రెండూ పలచబడతాయి, వేరే సినిమాగా తీయండి. వదల్లేమంటే ఒకే ఒక్క సన్నివేశం చాలు. పనస దుంగను తొలిచే ఉలి చప్పుడు అందరూ తీస్తారు. అంతకంటే మెట్లు కూర్చే ఘట్టం పట్టుకోండి. 24 మెట్లను మైనం మీద ఒక్కొక్కటిగా నిలబెడుతూ, తీగ మీటి చెవితో సరిచూసుకుంటూ జరుపుతుంటారు. కొయ్య వాయిద్యంగా మారేది అక్కడే. పైగా అక్కడ వ్యాఖ్యానం అక్కర్లేదు, స్వరం సరిపడిందో లేదో ప్రేక్షకుడికే వినబడుతుంది.

ఇంకో మాట. ఊరి సంగీతమంటే కళాశాల ఒక్కటే కాదు. దసరా తర్వాత వచ్చే మంగళవారం, పైడితల్లి జాతరలో సిరిమాను నాడు, వీధిలో తప్పెటగుళ్ళ బృందాలు (రొమ్ముకు తప్పెట కట్టుకుని ఆడిపాడేవాళ్ళు) దొరికితే తప్పకుండా రికార్డు చేయండి. అదే వీధిలో అలాంటి రోజు మళ్ళీ రావాలంటే ఏడాది ఆగాలి.

ప్రశ్న: పెద్దాయన ఇంట్లో వీణ వాయిస్తుంటే తీశాం. చూడ్డానికి బాగుంది. వినడానికి మాత్రం డబ్బాలోంచి వస్తున్నట్టుంది, వెనక "గుయ్" మనే మోత. పైగా ట్యూబులైటు వెలుగులో బొమ్మ మిణుకుమిణుకుమంటోంది. ఏం తప్పు చేశాం?

మైకు కెమెరా మీదే ఉండి ఉంటుంది. ఎనిమిది పదడుగుల దూరం నుంచి అది వీణ కంటే గోడల్నే ఎక్కువ వింటుంది. వీణకు మైకు కుండ వైపు నుంచి ఒకటిన్నర అడుగు దూరంలో, కాస్త ఎత్తులో పెట్టి, తీగలు ఆనే గుర్రానికీ కుండ అంచుకూ మధ్యకు గురిపెట్టండి. మెట్ల వైపు తిప్పితే ఎడమచేతి వేళ్ళు తీగ మీద జారే గరగర గమకాన్ని మింగేస్తుంది. మరీ దగ్గరగా, అరడుగులో పెడితే మంద్రం ఉబ్బిపోయి తాళం తీగలు వినబడవు.

రికార్డర్‌ను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఉంచి, ఆయన చేత అన్నిటికంటే గట్టిగా వాయించే తానం ముందే ఓసారి వాయించుకోండి. మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా లెవెల్ పెట్టండి. ఆటోమేటిక్ లెవెల్ మాత్రం కచ్చితంగా ఆపేయండి. నాదం తగ్గుతున్నకొద్దీ అది గదిలో చప్పుడును పైకి లేపుతుంది. వీణకు ప్రాణం ఆ తగ్గుదలలోనే ఉంది.

మోతకు కారణాలు రెండు. ఒకటి ఫ్యాన్, ఫ్రిజ్. వాటిని ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళాలు అందులో పెట్టండి, మళ్ళీ ఆన్ చేయకుండా ఇల్లు దాటలేరు. రెండోది కరెంటు తీగల నుంచి మైకు తీగలోకి దూరే 50 హెర్ట్జ్ మోత. రికార్డర్‌ను ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు అదే పోతుంది. పోకపోతే మైకు తీగ కరెంటు తీగ పక్కన పడుకుని ఉందేమో చూసి దూరం జరపండి.

మిణుకు కూడా ఆ 50 హెర్ట్జ్ పనే. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే పోతుంది. ఫోన్లలో మామూలుగా ఉండే 30 ఫ్రేములు, 1/60 మన కరెంటుకు పొసగవు. చవకరకం ఎల్ఈడీ బల్బులు కొన్ని అప్పటికీ మొరాయిస్తాయి. అలాంటప్పుడు వాటిని ఆర్పి కిటికీ దగ్గర కూర్చోబెట్టండి.

లేచి వచ్చేముందు రెండు రికార్డు చేసుకోండి: ఎవరూ మాట్లాడకుండా ఖాళీ గది ఒక నిమిషం, అదే శ్రుతిలో తంబురా ఒక్కటే రెండు నిమిషాలు. ఎడిటింగ్‌లో కోతకూ కోతకూ మధ్య గొయ్యి పూడ్చేవి ఇవే. ఆయన శ్రుతి ఎంతో కూడా కాగితం మీద రాసుకోండి.

ప్రశ్న: హరికథ తీస్తే పాటంతా బరబర, చిడతలు పడ్డప్పుడల్లా పటపటమని శబ్దం పగిలిపోతోంది. కాలర్ మైకే పెట్టాం.

కాలర్ మైక్ కూర్చుని మాట్లాడేవాళ్ళ కోసం. హరిదాసు మెడలో పూలదండ, ఒంటి మీద పట్టుబట్ట, కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు. ఆయన నిలబడిన చోట నిలబడడు. బరబర దండ రాపిడి నుంచి వస్తున్నది. పొడవాటి కర్రకు కట్టిన మైకును ఒక మనిషి పట్టుకుని, ఫ్రేముకు పైనుంచి, నుదుటికి రెండడుగుల ఎత్తులో ఆయనతోపాటే నడిపించాలి. చేతులు నొప్పి పుడతాయి కాబట్టి ఇద్దరు వంతులు వేసుకోండి.

చిడత దెబ్బ క్షణంలో పదోవంతు కూడా ఉండదు కానీ గొంతు కంటే ఎన్నో రెట్లు ఎత్తుకు లేస్తుంది. గొంతుకు సరిపడా లెవెల్ పెట్టారు, అందుకే పగిలింది. మైనస్ 20 దగ్గర గొంతు ఉండేలా తగ్గించుకోండి. లెవెల్ దాటిన శబ్దాన్ని కూడా తర్వాత తగ్గించుకోనిచ్చే 32 బిట్ ఫ్లోట్ రికార్డరుంటే బెంగ తగ్గుతుంది, కానీ మైకు లోపలే శబ్దం పగిలితే ఏ రికార్డరూ బాగుచేయలేదు. అందుకే మైకును చిడతలున్న చేతి వైపు కాకుండా రెండో వైపు నుంచి పట్టుకోవాలి. తప్పెటగుళ్ళకూ ఇదే సూత్రం, దూరం మాత్రం ఆరేడు అడుగులు ఉండాలి.

గజ్జెలకు నేల దగ్గర వేరే మైకు, వేరే ట్రాక్. నారాయణదాసు గారి లయ ప్రజ్ఞ గురించి మాటల్లో ఎంత చెప్పినా, కాలికీ చేతికీ గొంతుకూ తలో నడక ఎలా ఉంటుందో విడివిడి ట్రాకుల్లో ఉంటేనే ప్రేక్షకుడికి వినిపించగలరు.

ప్రశ్న: తాతగారి పెట్టెలో ద్వారం వారి 78 ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డులు) నాలుగు దొరికాయి, బూజు పట్టి ఉన్నాయి. స్పిరిట్‌తో తుడవొచ్చా? ఇంట్లో ఎల్.పి. ప్లేయర్ ఉంది, దాని మీద వేసి రికార్డు చేసుకోవచ్చా?

స్పిరిట్ జోలికి పోకండి. ఆ ప్లేట్లు లక్కతో చేసినవి, ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది. ఒక్కసారి తుడిస్తే గాడి పోయినట్టే. డిస్టిల్డ్ వాటర్‌లో చుక్క గిన్నెల సబ్బు కలిపి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడి గుండ్రంగా తోమండి. అడ్డంగా వద్దు. మధ్యలో కాగితం తడవకూడదు. ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నిలువుగా ఆరబెట్టండి, ఎండలో మాత్రం కాదు, వంగిపోతాయి.

ఎల్.పి. సూదితో వేయకండి. 78 గాడి వెడల్పు, దానికి సుమారు 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు) సూది కావాలి. ఎల్.పి. సూది అందులో మూడోవంతు కూడా ఉండదు. అది గాడి అడుగున పడి దుమ్మునూ చెత్తనూ చదువుతుంది, మీరేమో "పాత రికార్డు కదా, గరగర ఉంటుందిలే" అనుకుంటారు. 78 సూది కార్ట్రిడ్జ్ విడిగా దొరుకుతుంది. ప్లేయర్‌కు 78 వేగం కూడా ఉండాలి.

ఆ వేగం దగ్గరే ఇంకో చిక్కుంది. అప్పటి కంపెనీలు అన్నీ కచ్చితంగా 78కే రికార్డు చేయలేదు. నిమిషానికి నాలుగున్నర చుట్లు తేడా వస్తే శ్రుతి అరస్వరం మారిపోతుంది. సరైన వేగం తేల్చడానికి వయొలిన్ తెలిసినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి. ఖాళీ తీగ మోగిన చోట నాదం ఎలా ఉంటుందో, వేలు పెట్టిన చోట ఎలా ఉంటుందో వాళ్ళకు తెలుసు.

కంప్యూటర్‌లోకి 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఎక్కించి ఆ ఫైలును ముట్టుకోకుండా దాచండి. శుభ్రం చేయడమంతా నకలు మీదే. టిక్కుటిక్కులు తీయండి, సుయ్యిమనే చప్పుడును మాత్రం సగం ఉంచండి. దాన్ని పూర్తిగా తుడిచే సాఫ్ట్‌వేర్ కమాను రాపిడిని కూడా చప్పుడే అనుకుని తుడిచేస్తుంది. చివరికి వయొలిన్ కాస్తా హార్మోనియంలా వినబడుతుంది.

పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర. కృతిని ఆ మూడు నిమిషాల్లో కుదించి వాయించారు. "ద్వారం వారి శైలి క్లుప్తం" అని వ్యాఖ్యానం రాసేస్తారేమో, అది ప్లేటు కొలత మాత్రమే.

ప్రశ్న: ఘంటసాల పాటలు సినిమాలో వాడుకోవచ్చా? "పాతవి కదా, హక్కులుండవు" అంటున్నారు.

సగం నిజం. మన చట్టం ప్రకారం రికార్డింగ్ హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. పాటకూ బాణీకీ వేరే హక్కులున్నాయి. రాసినవారు, కట్టినవారు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఉదాహరణకు "పాతాళభైరవి" 1951 నాటిది, రికార్డింగ్ గడువు 2011తో తీరింది. కానీ పాటలు రాసిన పింగళి 1971లో పోయారు, ఆ హక్కు 2031 చివరిదాకా ఉంటుంది. బాణీ ఘంటసాలది, ఆయన 1974లో పోయారు, అది 2034 చివరిదాకా. అంటే అనుమతి తీసుకోవాల్సిందే. మ్యూజిక్ కంపెనీకి పాట పేరు, ఎన్ని సెకన్లు, ఎక్కడ చూపిస్తారు (ఫిల్మ్ ఫెస్టివల్లా, టీవీనా, యూట్యూబా) రాసి సింక్రనైజేషన్ లైసెన్స్, అంటే పాటను బొమ్మకు జతచేసుకునే అనుమతి, అడగండి. కచేరీలకూ హోటళ్ళకూ ఇచ్చే ప్రదర్శన లైసెన్స్ దీనికి పనికిరాదు.

నారాయణదాసు 1945లో పోయారు కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన రచనలకు హక్కుల బెడద లేదు. త్యాగరాజ కృతికి అసలే లేదు. కానీ వాటిని ఇవాళ మీ కెమెరా ముందు పాడినవారికి తమ గానం మీద హక్కుంది. తెలుగులో, ఒకే పేజీలో ఒప్పందం రాయించుకోండి, పారితోషికం ఎంతో అందులోనే ఉండాలి. శాలువా కప్పి పంపేయడం పారితోషికం కాదు.

ప్రశ్న: చూపు లేని కుర్రవాడి కోసం రాజుగారు కళాశాల పెట్టారనీ, విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వారిని దాసుగారు మేష్టారుగా చేర్చుకున్నారనీ మా ఊళ్ళో అందరూ చెబుతారు. నటులతో తీయాలా?

వద్దు. అట్ట మీసాలు, అద్దె తలపాగాలతో చేసే దృశ్యాలు ఆ కథల్ని చవకబారుగా మారుస్తాయి. ఒకే కథను ముగ్గురి నోట, వాళ్ళ వాళ్ళ ఇళ్లలో చెప్పించండి. వివరాలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ తేడా పడతాయో పక్కపక్కనే పెట్టండి. వ్యాఖ్యానంలో "చెప్పుకుంటారు" అన్న మాట తప్పకుండా ఉండాలి. నియామకం 1919, ప్రిన్సిపాల్ 1936 అన్న సంవత్సరాలు మాత్రం ఆ మాట లేకుండానే చెప్పొచ్చు.

ప్రశ్న: ఎడిటింగ్‌లో కృతిని ఎక్కడ కోయాలో తెలియడం లేదు. ఎక్కడ కోసినా తంతే లేచినట్టుంది.

ఆవర్తనం, అంటే తాళం ఒక పూర్తి చుట్టు, మధ్యలో కోస్తున్నారు. ఆదితాళంలో ఎనిమిది క్రియలు. క్రియకు సెకను చొప్పున నడిస్తే ఆవర్తనం ఎనిమిది సెకన్లు. టైమ్‌లైన్ మీద సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) పడ్డ ప్రతిచోటా గుర్తు పెట్టుకుని, ఒక గుర్తు నుంచి మరో గుర్తుకే దూకండి. బొమ్మను ఎక్కడైనా మార్చుకోవచ్చు, శబ్దాన్ని మాత్రం అక్కడే. రెండు టేకులను అతికేటప్పుడు శ్రుతి సరిచూడండి. మధ్యలో బిరడా తిప్పి ఉంటే రెండూ కలవవు.

సాహిత్యం మీద వ్యాఖ్యానం వేయకండి. వినేవాడికి రెండు మాటలూ అందవు. మాట్లాడాల్సింది ఉంటే తంబురా మీద మాట్లాడండి. ఇంటర్వ్యూల కింద కీబోర్డు నేపథ్య సంగీతం పరిచే అలవాటు మన డాక్యుమెంటరీలకు పట్టిన పెద్ద జబ్బు. దాని శ్రుతి ఒకటి, వెంటనే వచ్చే వీణ శ్రుతి మరొకటి. పెద్దాయన మీటిన మొదటి స్వరమే అపస్వరంలా వినబడుతుంది, నింద ఆయన మీద పడుతుంది. ఆ ట్రాక్ తీసేసి, మీరు రికార్డు చేసుకొచ్చిన ఖాళీ గది నిమిషాన్ని అక్కడ వేసి చూడండి.